ఎన్నిసార్లని అడిగే కంపౌండర్ సాబ్

కంపౌండర్ సాబ్ పోయారని మొన్న సోమవారం కంపెనీ వాట్సాప్ గ్రూపులో ఎవరో పెట్టారు. దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరసగా పడ్డాయి. ప్యాకింగ్ సెక్షన్‌లో రిటైరైన ఒకాయన మాత్రం బొమ్మ పెట్టలేదు. ‘ఇగ మనల్ని ఎన్నిసార్లు పోయినవని అడిగేటోడు లేడు’ అని రాశాడు. బయటివాళ్లు చూస్తే ఇదేం సంతాపం అనుకుంటారు. మాకు అంతకన్నా పెద్ద నివాళి తోచదు. అది చదివి నేను ల్యాబులోనే గట్టిగా నవ్వాను. తర్వాత బాత్‌రూంలోకి వెళ్లి గడియ పెట్టుకుని ఏడ్చాను.

మాది పటాన్‌చెరు దాటాక వచ్చే మందుల కంపెనీ. యాంటీబయాటిక్ మాత్రలు తయారుచేస్తాం. గేటు లోపల ఎడమవైపు సైకిల్ స్టాండు, దాని వెనక ఫస్ట్ ఎయిడ్ రూము. ఇరవై ఏళ్లకు పైగా ఆయన అందులోనే కూర్చున్నారు. ఎవరైనా ‘డాక్టర్ సాబ్’ అని పిలిస్తే ‘డాక్టర్ బేస్తవారం వస్తడు. నేను కంపౌండర్ని’ అని అక్కడికక్కడే దిద్దేవారు. వారానికొకసారి వచ్చే ఆ డాక్టరు దగ్గర విన్నదీ, తన కళ్లతో చూసి తెలుసుకున్నదీ కలిసి ఆయనకంటూ ఒక వైద్యం తయారైంది. దానికి మొదలు కడుపే, చివరా కడుపే. తలనొప్పని వెళ్లినా, బొటనవేలి మీద డ్రమ్ము పడిందని కుంటుకుంటూ వెళ్లినా, కూర్చోకముందే అడిగేవారు.

“పొద్దుగాల ఎన్నిసార్లు పోయినవ్?”

జవాబు చెప్తే అక్కడితో అయిపోయేది కాదు. “నీళ్లా, గంజా, ముద్దా?” అనేది రెండో ప్రశ్న. కొత్తగా చేరిన ఆడపిల్లలు చున్నీలో మొహం దాచుకునేవారు. ఒడిశా నుంచి వచ్చిన పిల్లలకు ఇదే ప్రశ్న ఆయన మార్కు హిందీలో పడేది. “కిత్నా బార్ గయా? పానీ జైసా?” అని గది బయటిదాకా వినపడేట్టు అడిగేవారు. నేను చేరిన మొదటివారం జలుబుకని వెళ్లాను. ప్రశ్న విని ఒళ్లు మండిపోయింది. “సార్, నేను మైక్రోబయాలజీ ఎమ్మెస్సీ” అన్నాను, ఎమ్మెస్సీ చదివినవాళ్లు పోరన్నట్టు. ఆయన నొచ్చుకోలేదు. “మంచిది బిడ్డా. ఎన్నిసార్లు?” అన్నారు.

ఆయనది కంపెనీ గోడకు ఆనుకుని ఉన్న ఊరే. పొట్టి మనిషి. చొక్కా జేబు ఎప్పుడూ ఉబ్బి ఉండేది. అందులో పెన్ను ఉండదు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఉంటాయి. విరేచనాలని ఎవరైనా వస్తే ప్యాకెట్ చేతిలో పెట్టి పంపించడం ఆయనకు తెలియదు. తానే లీటరు నీళ్లలో కలిపి, ఎదురుగా కుర్చీ వేసుకుని, గ్లాసు తర్వాత గ్లాసు తాగించేవారు. “మెల్లగ. గుటకగుటక తాగు. నాకేం జల్దీ లేదు” అనేవారు. సూపర్‌వైజర్ వచ్చి మనిషి కావాలని గొడవ చేస్తే, “తాగినంక వస్తడు, పో” అని చెయ్యి ఊపేవారు. ఆ చెయ్యి ఊపుడుకు మేనేజరు కూడా వెనక్కి తగ్గడం నేను చూశాను.

గది మూలన అలమారాలో పచ్చ నైలాన్ తాడొకటి ఉండేది. కొత్తవాళ్లు చేరిన రోజున ఆ తాడు బయటికి వచ్చేది. ఒక కొస ఒకరి చేతికి, రెండో కొస మరొకరి చేతికి ఇచ్చి, తాడు బిగిసేదాకా దూరం నడవమనేవారు. రెండోవాడు సైకిల్ స్టాండు దాకా పోయేవాడు.

“ఇదేందనుకుంటున్నవ్? నీ సన్నపేగు. ఇరవై రెండు అడుగులు. చుట్టలు చుట్టలు చుట్టి నీ కడుపుల పెట్టిండు దేవుడు. ఈ కొస నుంచి ఆ కొస దాక రోగం నడవాలె. గంత అల్కగ నడవనిస్తదా?”

ఇక తాడు వెంట నడుస్తూ చెప్పుకుపోయేవారు. నోట్లో ఉమ్మి మొదటి కాపలా. పొట్టలో పులుపు రెండోది. దాని ముందు నిమ్మకాయ పులుపు షర్బత్ లెక్కనట. పేగు పొడుగునా బెండకాయ జిగురు లాంటి జిగురుంటుంది, అందులో కాలు పెట్టిన క్రిమి ముందుకు కదల్లేదు. “గీళ్లందర్ని తప్పించుకొని వచ్చినోన్ని పేగే తోసి బయటికి గెంటుతది. దాన్ని మీరు మోషన్స్ అంటరు. గెంటెటప్పుడు ఒంట్ల నీళ్లు పోతయ్. గా నీళ్లు మనం పొయ్యాలె. గంతే, సమజైందా?” నేను రెండు పేపర్లు రాసి పాసైన పాఠాన్ని ఆయన ఒక తాడుతో, బీడీ కాలినంతసేపట్లో ముగించేవారు. ఒక్క అక్షరం తప్పు పట్టలేకపోయేదాన్ని. నాకు అదే కోపం.

తప్పులు లేకపోలేదు. జామకాయ గింజ మింగితే అపెండిసైటిస్ వస్తుందని ఆయన గట్టి నమ్మకం. నిలబడి చాయ్ తాగితే అది తిన్నగా మోకాళ్లలోకి దిగుతుందని ఇంకో నమ్మకం. క్యాంటీన్ తలుపు దగ్గర కాపు కాసి మా చేతులు పట్టుకుని సబ్బు వాసన చూసేవారు. ఆ పని సరైనదే. కానీ మోకాళ్ల చాయ్ సంగతి దొరికింది కదా అని నేను ఏడాదిపాటు ఆయన్ని ఏడిపించాను. “మీ ల్యాబోల్లకు భూతద్దంల చూసిందే లోకం” అని నవ్వేసేవారు. రెండో ఏడు వచ్చేసరికి ‘సార్’ పోయి ‘కాకా’ అయింది.

నా అద్దంలో నేనేం చూసేదాన్నో చెప్పాలి. పాచిలా క్రిములు పరుచుకున్న ప్లేటులో చిన్న గుంటలు చేసి, వాటిలో మా మందు వేసి, వెచ్చని పెట్టెలో ఉంచుతాం. మర్నాటికి గుంట చుట్టూ క్రిములు చచ్చి, గుండ్రంగా, తేటగా ఒక వలయం తేలుతుంది. దాన్ని కొలిచి మందులో సత్తువ ఉందో లేదో రాస్తాను. రోజూ అదే పని. చూడగా చూడగా ఆ వలయాలంటే నాకు మోజు పుట్టింది. పెద్ద వలయం తెచ్చే మందు గొప్ప మందని, చిన్న వలయం తెచ్చేది నాసిరకమని నా మనసులో నాటుకుపోయింది. ఆ ప్లేటులో ఉన్నది ఒక్క జాతి క్రిమి అనీ, మనిషి పేగు ఆ ప్లేటు కాదనీ నాకు తెలుసు. పరీక్షలో అడిగితే రాసేదాన్ని. ఇంటికి వెళ్లాక మాత్రం మర్చిపోయేదాన్ని. మాత్రల కంపెనీలో ల్యాబు మనిషి తప్ప ఇంకెవరూ చెయ్యలేని తప్పు అది.

మేం పోతిరెడ్డిపల్లిలో కిరాయికుంటాం. నేను, మా ఆయన, మా అత్తమ్మ. అత్తమ్మ పొలాల్లో కూలికి పోయి కొడుకును పెంచిన మనిషి. నన్ను చూస్తే ఆమెకు గర్వం. “మా కోడలు మందులు చేసే కాడ పని చేస్తది” అని గల్లీలో చెప్పుకునేది. నేను ఏ మాత్ర ఇచ్చినా ఎందుకని అడగదు. చేయి చాపుతుంది, మింగుతుంది.

రెండేళ్ల కింద వానాకాలంలో ఆమెకు పన్ను వాచింది. డాక్టరు దాకా ఎందుకని నేనే మెడికల్ షాపులో మా కంపెనీ మాత్రలు తెచ్చి ఇచ్చాను. మూడు రోజులకు వాపు పూర్తిగా తగ్గలేదు. ఇంకా పెద్ద వలయం తెచ్చేదానికి మార్చాను. వాపు దిగింది. వారం దాటాక విరేచనాలు పట్టుకున్నాయి. ట్యాంకర్ నీళ్ల వల్లే అనుకున్నాను. నాకు తెలిసిన వలయాలన్నిటిలోకీ పెద్ద వలయం మూడో మందుది. అది మొదలుపెట్టాను. ఒకేరోజు పన్నెండుసార్లు వెళ్లేసరికి భయమేసి, విరేచనాలు కట్టేసే గోలీ కూడా వేశాను.

తెల్లారి రెండేసార్లు వెళ్లింది. నా తెలివికి నేనే మురిసిపోయి డ్యూటీకి వచ్చాను. మధ్యాహ్నం ఓఆర్ఎస్ ప్యాకెట్లు తీసుకుందామని ఫస్ట్ ఎయిడ్ రూముకు వెళ్లాను.

“ఎవలికి?” అన్నారు.

“మా అత్తమ్మకు కాకా. తగ్గింది.”

“ఎన్నిసార్లు?”

“నిన్న పన్నెండు. ఇయ్యాల రెండే.”

ప్యాకెట్లు తీస్తున్న చెయ్యి జేబులోనే ఆగింది. “ఉట్టిగనే తగ్గిందా, కట్టే గోలీ వేసినవా?”

“వేసిన.”

“కడుపు ఎట్లున్నది? మెత్తగున్నదా?”

“జెర ఉబ్బింది. ఒళ్లు కూడా వెచ్చగనే ఉంది.”

“దానికంటె ముందు ఏమేం ఇచ్చినవ్?”

చెప్పాను. రెండు మందుల పేర్లు చెప్పి ఆగాను. ఆయన నా మొహంలోకి చూస్తూనే ఉన్నారు. మూడోది కూడా చెప్పాను.

ఆయన లేచి గదికి తాళం వేశారు. డ్యూటీ వేళలో ఆ గదికి తాళం పడటం నేను అంతకుముందు చూడలేదు. తాళంచెవి గేటులో ఇచ్చి, నా గేట్ పాసు తానే రాయించి, ఆటో ఆపారు. “మీ ఆయనకు ఫోన్ కొట్టు. దవాఖానకు తీస్కపోవాలె. ఇయ్యాల్నే, ఇప్పుడే” అన్నారు. ఆయన గొంతులో కంగారు లేదు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

పోతిరెడ్డిపల్లి చౌరస్తాలో ట్రాఫిక్ ఆగింది. పక్కనే బస్సొకటి వచ్చి నిలబడగానే జనం మీద పడ్డారు. కిటికీల్లోంచి తువ్వాలలు, కర్చీఫులు, ఒకామె చేతిసంచి లోపలి సీట్ల మీద పడ్డాయి. ఆయన చూపించారు.

“సూడు బిడ్డా. సీటు మీద తువ్వాల పడ్డదంటె ఇగ ఎవ్వడొచ్చినా జాగ దొరకదు. మనిషి పెద్దపేగుల గట్లనే పుట్టినప్పటి సంది తువ్వాలలు ఏసుకొని కూసున్నరు, కోట్లమంది. మంచి క్రిములు. చెడ్డోడు ఎక్కిండనుకో, కూసుందామంటె సీటు లేదు, తిందామంటె మిగిలింది లేదు. దిగిపోతడు. నువ్వేం చేసినవ్? మూడు మందులతోని బస్సంత ఖాళీ చేసినవ్. గా మూడు మందులకు సావనోడొకడు సీటు కింద ముడుసుకొని పండుంటడు. ఇప్పుడు వాడు లేసి కాళ్లు సాపిండు. వాన్ని గెంటెతందుకు పేగు తోస్తాంటె, నువ్వు గోలీ వేసి తలుపు మూసినవ్.”

నేను చదివింది ఇదే. అయినా ఆ క్షణం దాకా నా ఇంట్లో జరుగుతున్నది అదేనని నాకు తట్టలేదు. ఆటోలో తల వంచుకుని కూర్చున్నాను.

ఇంటి దగ్గర అత్తమ్మను, మా ఆయన్ని ఎక్కించుకుని సంగారెడ్డిలో దవాఖానకు చేరేసరికి ఆమె కళ్లు మూసుకునే ఉంది. పిలిస్తే ఊఁ అంటోంది. కడుపు డోలులా ఉంది. స్ట్రెచర్ పక్కన నిలబడే డాక్టరు వివరాలు రాసుకున్నాడు. “ఏయే మందులు వాడారు?” అన్నాడు. మూడు పేర్లు, ఆపైన గోలీ పేరు చెప్పాను. పెన్ను ఆపి తలెత్తాడు. “ఎవరు రాసిచ్చారు ఇవి?”

మా ఆయన నావైపు చూశాడు. నేను కంపౌండర్ సాబ్ వైపు చూశాను. ఎందుకు దాచాలి, ఆ క్షణంలో ఆయనేదో ఒకటి చెప్పి నన్ను గట్టెక్కిస్తారని ఆశపడ్డాను. ఆయన చెప్పలేదు. తిట్టలేదు, సైగ చెయ్యలేదు. ఓఆర్ఎస్ తాగించేటప్పుడు ఎట్లా ఎదురుగా కూర్చుంటారో, అట్లాగే నిలబడి చూస్తున్నారు. ఆయనకేం తొందర లేదు.

“నేనే” అన్నాను.

ఆ మందులన్నీ ఆపేశారు. పరీక్షలో ఆయన చెప్పిన సీటు కిందివాడే బయటపడ్డాడు. వాడొక్కడి కోసం వేరే యాంటీబయాటిక్ రాశారు. మళ్లీ యాంటీబయాటిక్కా అని నేను నివ్వెరపోతే కంపౌండర్ సాబే సర్దిచెప్పారు. “మందు మీద నాకేం పగ బిడ్డా? ఎవల మీదికి పోవాల్నో తెలిసినోడు రాస్తె మందు. లేకపోతె లాఠీచార్జి” అన్నారు. రెండు రోజులు గడ్డుగా గడిచాయి. మూడోనాడు అత్తమ్మ కళ్లు తెరిచి గంజి అడిగింది. వారానికి ఇంటికొచ్చింది.

వచ్చిన రోజు నుంచీ అత్తమ్మ వాకిట్లో మంచం వేయించుకుని, పలకరించడానికి వచ్చినవాళ్లందరికీ ఒకటే మాట. “మా కోడలి మందులే నన్ను బతికించినయ్. లేకుంటె పోయేదాన్నే.” నాకు పళ్లెంలో అన్నం దిగేది కాదు. అయినా నోరు మెదపలేదు. నాలుగోరోజు ఎదురింటామె వచ్చింది. వాళ్లాయనకు విరేచనాలట, అత్తమ్మకు ఇచ్చిన మాత్రలే రెండు ఇవ్వమంది. “అయిపోయినయ్ అక్కా” అన్నాను. అబద్ధం కూడా కాదు. అంతకన్నా హీనమైనది.

మర్నాడు యాపిల్ పళ్లు తీసుకుని ఫస్ట్ ఎయిడ్ రూముకు వెళ్లాను. ఆయన పళ్ల సంచి బల్ల మీద పెట్టి, “అత్తమ్మకు చెప్పినవా?” అన్నారు.

“డాక్టర్‌కు చెప్పిన గదా కాకా.”

“డాక్టర్ మింగలే. మింగింది ఆమె.”

గల్లీలో ఆమె ఏం చెబుతోందో, ఎదురింటామె ఏం అడిగిందో అప్పుడు చెప్పాను. ఆయన కళ్లద్దాలు తీసి చొక్కా అంచుతో తుడిచారు. తుడుస్తూనే ఉన్నారు.

“నా ఇల్లాలు గిట్లనే పోయింది” అన్నారు. “కొత్తగ కంపెనీల చేరిన. మందుల పేర్లు నేర్చుకున్న అని నాకూ గర్వమే. జ్వరమంటె ఒకటిచ్చిన, తగ్గలేదంటె ఇంకొకటిచ్చిన. మోషన్లు మొదలైనయ్. కట్టే గోలీ ఇచ్చిన. ఆగినయ్ బిడ్డా. ఒక్కసారిగ ఆగినయ్. నేను తగ్గిందనుకున్న. గల్లీల అందరికి చెప్పిన, నా మందుతోని తగ్గిందని. మంది వచ్చి గవే మందులు నాతోని తీస్కపోయిండ్రు. ఆరు ఇండ్లోళ్లు. ఆమె మూడోనాడు పోయింది.”

ఆయన పళ్ల సంచి పక్కకు జరిపారు.

“చావు మైలల ఉన్నోడు ఇంకొకల గడప తొక్కొద్దు గద. నేను ఆగలే. కట్టె కాలిన తెల్లారే ఆరు ఇండ్లకు పోయిన. లోపలికి పోలే. వాకిట్ల నిలవడి పిలిచిన. నా ఇల్లాల్ని నేనే సంపుకున్న, గా మందులు వాపసు ఇయ్యుండ్రి అన్న. ఒకామె చీపురు తీసింది. మైలల వాకిట్లకొచ్చిండని మా కులపోళ్లు దినాలకు రాలే. కని మందులు అన్ని తెచ్చిన. ఒక్క గోలీ ఇడవలే.”

కళ్లద్దాలు పెట్టుకుని, “పో, డ్యూటీకి పో” అన్నారు.

ఆ సాయంత్రం నేను చెప్పులు కూడా విడవకుండా అత్తమ్మ మంచం పక్కన కింద కూర్చున్నాను. “అత్తమ్మా, నీకు జబ్బు తెచ్చింది నా మందులే. పంటి వాపు నాడే డాక్టర్ కాడికి తీస్కపోతె ఇదంత లేకుండె” అన్నాను. ఒక్క గుక్కలో అనేశాను.

ఆమె తమలపాకు ఈనె తీస్తూనే ఉంది. “ఎరుకేనమ్మా. డాక్టర్ అడిగినప్పుడు కండ్లు మూసుకున్న గని చెవులు మూసుకోలే.”

“మరి అందరికి అట్ల చెప్పుడేంది?”

“నువ్వు దినాం పదిమంది ముంగట్నుంచి డ్యూటీకి పొయ్యేదానివి. తల ఒంచుకొని పోతె నేను చూడాల్నా?”

ఏడుపొచ్చింది. ఆపుకోలేదు. ఏడుస్తూనే కంపౌండర్ సాబ్ ఇల్లాలి సంగతి, ఆరు ఇళ్ల సంగతి చెప్పాను. అత్తమ్మ వింటూ వింటూ తమలపాకు పక్కన పెట్టింది. కాసేపు గల్లీలోకి చూసింది. తర్వాత మంచం పట్టె పట్టుకుని లేచింది. కూర్చోమంటే వినలేదు.

“నేను ఎవలెవలికి చెప్పిన్నో నాకు యాదికున్నది. పా” అంది.

ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. ముందు ఎదురింటికే వెళ్లాం. తలుపు తీసిన ఎదురింటామె అత్తమ్మను చూసి, “అయ్యో, నువ్వెందుకు నడిచి వచ్చినవమ్మా, లోపలికి రాండ్రి” అంటూ పక్కకు జరిగింది. మేం లోపలికి వెళ్లలేదు. వాకిట్లోనే నిలబడి, నా నోటితో నేనే చెప్పాను.